వానలకు ముందే పైసలు రావాలె: ప్రజారోగ్య నిధులపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సర్కారు దవాఖాన ఖర్చుల గురించే ఉన్నాయి. వరంగల్, హనుమకొండ, ములుగు, జనగామ, భూపాలపల్లి జిల్లాల పాఠకులు అడిగిన వాటిలో పదింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

ప్రశ్న: బడ్జెట్‌లో ఆరోగ్యానికి వేల కోట్లు పెట్టామంటారు. మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో అడిగితే దోమల మందుకు కూడా నిధుల్లేవంటారు. ఇందులో ఏది నిజం?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, నర్సంపేట

జవాబు: రెండూ నిజమే. 2025-26లో రాష్ట్ర బడ్జెట్ మొత్తం రూ. 3,04,965 కోట్లు. అందులో వైద్యారోగ్య శాఖకు కేటాయించింది రూ. 12,393 కోట్లు. వంద రూపాయల్లో నాలుగు రూపాయల చిల్లర అన్నమాట. రాష్ట్రాలు 2020 నాటికి తమ బడ్జెట్‌లో 8 శాతానికి మించి ఆరోగ్యానికి ఖర్చు చేయాలని 2017 జాతీయ ఆరోగ్య విధానం చెప్పింది. ఆ లెక్కన మనం ఇంకా సగం దారిలో ఉన్నాం.

అసలు చిక్కు ఆ నాలుగు రూపాయల పంపకంలో ఉంది. శాఖ పేరు ఒకటే అయినా సంచులు వేరువేరు. వరంగల్‌లోని పెద్దాసుపత్రి ఎంజీఎం, కాకతీయ వైద్య కళాశాల వంటివి వైద్య విద్య సంచాలకుల కింద ఉంటాయి. ఏరియా ఆసుపత్రులు, సామాజిక ఆరోగ్య కేంద్రాలు వైద్య విధాన పరిషత్ కిందికి వస్తాయి. ఆరోగ్యశ్రీకి ఒక ట్రస్టు, మందుల కొనుగోలుకు ఒక కార్పొరేషన్ ఉన్నాయి. మీ పీహెచ్‌సీ, ఊళ్లోని సబ్ సెంటర్, జిల్లా వైద్యాధికారి (డీఎంహెచ్‌వో) ఆఫీసు మాత్రం ప్రజారోగ్య సంచాలకుల కిందివి. బడ్జెట్ పుస్తకాల్లో 2210 అనే పద్దు తీసి చూడండి. 03 గ్రామీణ వైద్యం, 05 వైద్య విద్య, 06 ప్రజారోగ్యం. ఏ సంచి ఎంత బరువుందో అక్కడే తెలుస్తుంది.

ఇక ప్రజారోగ్యం సంచిలో పెద్ద వాటా జీతాలదే. అది తప్పని ఖర్చు. మిగిలిన కొద్ది డబ్బులోంచే పరీక్ష కిట్లు, జీపు డీజిల్, రసాయనాలు, రిజిస్టర్లు రావాలి. డబ్బు బిగుసుకున్నప్పుడు మొదటి కోత పడేది ఈ భాగానికే. ఆసుపత్రిలో మందు లేకపోతే రోగి బంధువులు గొడవ చేస్తారు. రాకుండా ఆపిన డెంగీ గురించి గొడవ చేసేవాళ్లు ఎవరూ ఉండరు కదా!

ఇంకో సంగతి. ఊళ్లో దోమల పని ప్రధానంగా పంచాయతీది, నగరంలో కార్పొరేషన్‌ది. ఆరోగ్య శాఖ చేసేది సాంకేతిక సలహా, జ్వరాల సర్వే, కేసు వచ్చిన చోట మందు చల్లడం. కాబట్టి పీహెచ్‌సీలో "నిధుల్లేవు" అని విన్నప్పుడు చాలాసార్లు దాని అర్థం "ఆ పద్దు మాది కాదు" అనే. ఆ మాట పైకి చెప్పి పంచాయతీ కార్యదర్శి దగ్గరికి పంపితే మీకు ఒక తిరుగుడు తగ్గేది.

ప్రశ్న: ఊర్ల జ్వరాలు మొదలైనయంటే ఫాగింగ్ చేయమని అడుగుతున్నం. ఒక్కరోజు తిప్పి ఊకుంటున్నరు. రోజూ తిప్పాలంటే ఎవరిని అడగాలె?
– వార్డు సభ్యుడు, రాయపర్తి మండలం

జవాబు: రోజూ తిప్పమని అడగకండి. ఆ డబ్బుతో చేయించుకోగలిగిన మెరుగైన పని వేరే ఉంది.

పొగ ఆ క్షణాన ఎగురుతున్న దోమను మాత్రమే చంపుతుంది. డెంగీ తెచ్చే ఈడిస్ దోమ పగటి పూట కుడుతుంది. మిగతా సమయంలో మంచం కింద, వేలాడే బట్టల వెనుక, చీకటి మూలల్లో నక్కి ఉంటుంది. వీధిలో మిషన్ చప్పుడు వినగానే అందరూ తలుపులు మూస్తారు. పొగ వీధిలో తిరుగుతుంది, దోమ ఇంట్లో ఉంటుంది. పైగా మీ ఊళ్లోని నీళ్ల గోలేల్లో ఉన్న పురుగులు వారంలో కొత్త దోమలవుతాయి.

గుడ్డు నుంచి దోమ కావడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. అందుకే వారానికి ఒక రోజు, మన దగ్గర శుక్రవారం, డ్రై డే పాటించమంటారు. ఇక్కడ జరిగే పొరపాటు ఏమిటంటే, నీళ్లు పారబోసి అదే గోలెంలో మళ్లీ నింపేస్తారు. ఈడిస్ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి బతుకుతాయి, తడి తగలగానే పొదుగుతాయి. కాబట్టి గోలెం లోపలి గోడను పీచుతో గట్టిగా రుద్ది, కాసేపు ఎండనిచ్చి నింపాలి. పశువుల కుడితి తొట్టి, వాడని రోలు, కూలర్ అడుగు, ఫ్రిజ్ వెనుక నీళ్ల ట్రే, డాబా మీది టైరు, కొబ్బరి చిప్పలు… అన్నింటినీ చూడాలి.

పారబోయలేని నిలవ నీటికి దోమ పురుగులను చంపే టెమిఫాస్ మందు వాడతారు. 50 శాతం గాఢత ఉన్న మందును 10 లీటర్ల నీటిలో 2.5 మిల్లీలీటర్లు కలిపి, చదరపు మీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున వారానికోసారి చల్లాలి. లెక్క వేయండి: ఒక లీటరు మందుతో 4,000 లీటర్ల ద్రావణం తయారవుతుంది, అది 2 లక్షల చదరపు మీటర్లకు సరిపోతుంది. అంటే ఇక్కడ ఖరీదైంది మందు కాదు, మనిషి. 600 ఇళ్ల ఊళ్లో ఒక జట్టు రోజుకు 60 ఇళ్లు చూస్తే ఊరు తిరగడానికి 10 రోజులు పడుతుంది. ఈలోపు మొదటి ఇంట్లో దోమ పుట్టి ఎగిరిపోతుంది. రెండు జట్లుంటే 5 రోజుల్లో అయిపోతుంది. గ్రామసభలో మీరు అడగాల్సింది ఈ రెండో జట్టు కూలి, జులై నుంచి అక్టోబరు చివరి దాకా. మురికి కాలువలకు ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన ఉండలు), పాడుబడ్డ బావులకు దోమ పురుగులను తినే గంబూసియా చేపలు చాలు.

డెంగీ కేసు ఖాయమైనప్పుడు మాత్రం ఇంటి లోపల మందు కొట్టాలి. 2 శాతం పైరిత్రం అనే దోమల మందు ఒక పాలు, కిరోసిన్ 19 పాళ్లు కలిపి బాధితుడి ఇల్లు, చుట్టూ 50 ఇళ్ల వరకు చేతిపంపుతో చల్లుతారు. పొయ్యి ఆర్పి, వంట సామాను మూసి, తలుపులు కాసేపు బిగించి ఉంచాలి. దానికి ముందు కేసు ఉందని శాఖకు తెలియాలి. అందుకే తర్వాతి ప్రశ్న.

ప్రశ్న: మా బాబుకు ప్రైవేటు ఆసుపత్రిలో డెంగీ పాజిటివ్ అన్నారు. ప్రభుత్వ లెక్కలో మాత్రం అనుమానిత కేసు అని రాశారు. కేసులు దాచిపెడుతున్నారా?
– గృహిణి, కాజీపేట

జవాబు: దాచడం కంటే పరీక్షలో తేడానే ఎక్కువసార్లు కారణం. పావుగంటలో గీత చూపించే కార్డు పరీక్షలు అప్పుడప్పుడు తప్పు చెబుతాయి. దోమల వ్యాధుల నియంత్రణ జాతీయ కార్యక్రమం ప్రయోగశాలలో చేసే ఎలైజా రక్త పరీక్ష ఫలితాన్నే ఖాయమైన కేసుగా తీసుకుంటుంది. జ్వరం మొదలైన 5 రోజుల్లోపు ఎన్‌ఎస్1 (వైరస్ ప్రోటీన్‌ను పట్టే పరీక్ష), ఆ తర్వాత ఐజీఎం (వైరస్‌పై ఒంట్లో తయారైన యాంటీబాడీలను పట్టే పరీక్ష) చేయాలి. నాలుగో రోజు ఐజీఎం చేయించి "నెగెటివ్, భయం లేదు" అనుకోవడం మామూలుగా జరిగే పొరపాటు.

ఎంపిక చేసిన ప్రభుత్వ ప్రయోగశాలలకు ఐజీఎం కిట్లు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ నుంచి వస్తాయి. ఒక ప్లేటులో 96 గుంటలుంటాయి. పది నమూనాలకే ప్లేటు తెరిస్తే కిట్ వృథా అవుతుందని కొన్నిచోట్ల నమూనాలు పోగయ్యేదాకా ఆగుతారు. రిపోర్టు ఆలస్యమైతే ఆ వీధిలో మందు చల్లడమూ ఆలస్యమవుతుంది. వానాకాలం నాలుగు నెలలైనా ప్లేటు నిండినా నిండకపోయినా రోజూ పరీక్ష నడపడానికి సరిపడా కిట్లు, టెక్నీషియన్ ఉండాలన్నది మా అభిప్రాయం. వృథా అయ్యే కిట్ కంటే ఆలస్యమయ్యే రిపోర్టే ఖరీదు.

చికిత్స రిపోర్టు కోసం ఆగదు. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వద్దు. జ్వరం తగ్గుతున్న రోజులే ప్రమాదకరం: ఆగని వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. రక్తస్రావం లేనప్పుడు ప్లేట్‌లెట్లు 10,000 కంటే తగ్గితేనే ఎక్కించాలన్నది జాతీయ మార్గదర్శకం. 60,000కే ఎక్కించాలని తొందరపెడితే ఎందుకని అడగండి.

ప్రైవేటు ఆసుపత్రి కేసు వివరం పంపిందో లేదో కూడా కనుక్కోండి. నమోదు కాని కేసుకు వీధిలో మందు పడదు, మరుసటి ఏడు ప్రణాళికలో ఆ ఊరి పేరూ ఉండదు.

ప్రశ్న: మా ట్యాంకులో బ్లీచింగ్ వేస్తే ఒకరోజు వాసన భరించలేం, ఇంకోరోజు అసలు ఉండదు. ఎంత వేయాలి? దానికి ఏ డబ్బు వాడొచ్చు?
– స్వయం సహాయక సంఘం సభ్యురాలు, వర్ధన్నపేట

జవాబు: 33 శాతం క్లోరిన్ ఉన్న మంచి పౌడరైతే 1,000 లీటర్లకు 2.5 గ్రాములు. 60,000 లీటర్ల ట్యాంకుకు 150 గ్రాములు. పిడికిలి లెక్కన వేయడం వల్లే మీరు చెప్పిన తేడా వస్తోంది. ఒక డబ్బా మీద 150 గ్రాముల గీత పెట్టి ఇవ్వండి, వాటర్‌మన్‌కు తక్కెడ అవసరం ఉండదు.

పౌడరును నేరుగా ట్యాంకులో కుమ్మరించకూడదు. బకెట్‌లో కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, ముప్పావు వంతు నీళ్లు పోసి, పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. సున్నం అడుగుకు చేరాక పైన తేరిన నీటినే ట్యాంకులో పోయాలి. గంట తర్వాత నీళ్లు వదలాలి. ఆ తర్వాత ట్యాంకు దగ్గరి నల్లా కాదు, ఊరి చివరి నల్లా దగ్గర క్లోరిన్ పరీక్ష చేయాలి. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు దగ్గర ఉండి చివర లేకపోతే మధ్యలో మురికి కలుస్తోందని అనుమానించాలి. నల్లా ఆగినప్పుడు పైపు లోపలికి పీల్చుతుంది, వాల్వు గుంతలో నిలిచిన నీరు పగులు గుండా లోపలికి పోతుంది. మిషన్ భగీరథ నీళ్లు శుద్ధి చేసి పంపినవే అయినా, ఊళ్లోని పాత పైపులో ఇది జరిగితే ఆ శుద్ధి అక్కడితో సరి.

వాసన రాకపోవడానికి ఇంకో కారణం నిల్వ. చిరిగిన బస్తా పంచాయతీ ఆఫీసు మూలన తేమలో ఉంటే రెండు నెలల్లో అందులో మిగిలేది సున్నమే. కొంచెం కొంచెంగా కొని, మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి. బావులకైతే వ్యాసం, నీటి లోతు మీటర్లలో కొలవండి. వ్యాసం 3, లోతు 4 అయితే సుమారు 28,000 లీటర్లు, అంటే 70 గ్రాములు. వరద నీరు చేరిన బావికి ఇది చాలదు, పరీక్షించి పెంచాలి.

డబ్బు సంగతి. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం షరతులతో కూడినది: సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. క్లోరినేషన్ ఖర్చు అందులో నిక్షేపంగా పెట్టవచ్చు. అయితే ఎన్నికైన పాలకవర్గం ఉంటేనే ఆ గ్రాంటు వస్తుంది. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చాక ఊళ్లకు ఎదురైన ఇబ్బంది అదే. ఇది కాక గ్రామ ఆరోగ్య, పారిశుధ్య, పోషణ కమిటీకి జాతీయ ఆరోగ్య మిషన్ నుంచి ఏడాదికి రూ. 10,000 ఇచ్చే ఏర్పాటుంది. చిన్న మొత్తమే కానీ క్లోరిన్ పరీక్షించే క్లోరోస్కోపు, బ్లీచింగ్ డబ్బాలు కొనడానికి సరిపోతుంది.

ప్రశ్న: ఏడాదంతా నిధుల్లేవంటారు. ఫిబ్రవరి, మార్చి రాగానే ఫ్లెక్సీలు, శిక్షణలు, కొనుగోళ్లు ఒక్కసారిగా మొదలవుతాయి. ఎందుకిలా?
– జనగామ పాఠకుడు

జవాబు: జాతీయ ఆరోగ్య మిషన్‌లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40. కేంద్రం ఒక విడతలో 25 శాతానికి మించి ఇవ్వదు. ఆ డబ్బుకు రాష్ట్రం తన వాటా కలిపి మిషన్ ఖాతాకు మార్చాలి. ఇచ్చిన దానిలో కనీసం 75 శాతం ఖర్చయినట్లు చూపితేనే తర్వాతి విడత వస్తుంది. ఖర్చు రాష్ట్రం మొత్తానికి కలిపి లెక్క. మీ జిల్లా పూర్తిగా ఖర్చు చేసినా, పక్క నాలుగు జిల్లాలు వినియోగ పత్రాలు పంపకపోతే మీకూ ఆగుతుంది. అలా జూన్‌లో కావలసిన డబ్బు జనవరిలో వస్తుంది, మార్చి 31 లోపు ఖర్చు చేయమంటారు. జనవరిలో ఏ దోమ మీద చల్లుతారు? ఫ్లెక్సీలే మిగులుతాయి.

దీన్ని కింది స్థాయిలో పూర్తిగా సరిచేయలేం. కొంత మాత్రం చేయవచ్చు. మిషన్ ప్రణాళికను ఇప్పుడు రెండేళ్లకు కలిపి వేస్తున్నారు. ఆసుపత్రి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి, అక్కడి నుంచి ఢిల్లీకి వెళ్లి ఆమోదంతో తిరిగి వస్తుంది. ఆసుపత్రి స్థాయిలో చాలాచోట్ల జరిగేది, పాత అంకెలకు పది శాతం కలిపి పంపడం. ఆ కాగితం ఎవరి మనసూ మార్చదు. "డెంగీ నివారణకు రూ. 2 లక్షలు" అని రాస్తే సగానికి కొట్టేస్తారు. "12 ఊళ్లు, 4,800 ఇళ్లు, జట్టుకు రోజుకు 60 ఇళ్లు, వారంలో 5 రోజులు, కాబట్టి 16 జట్లు, 16 వారాలు, ఇంత కూలి, ఇంత మందు, జూన్ 15 లోపు అవసరం" అని రాస్తే కొట్టేసే అధికారి ఏ ఊరిని తీసేస్తున్నాడో చూసి మరీ కొట్టేయాలి.

అవసరమైన నెల రాయడం చాలామంది మరిచిపోతారు. దాంతోపాటు నడిపించే ఖర్చు కూడా. రక్త కణాలు లెక్కించే సెల్ కౌంటర్ కొంటారు, అందులో వాడే రసాయనానికి (రీఏజెంటుకు) డబ్బు అడగరు. టీకాల ఫ్రిజ్ వస్తుంది, స్టెబిలైజర్ రాదు. ఒక్క రాత్రి ఓల్టేజీ ఎక్కువై 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాల్సిన టీకాలు పాడైతే పోయే విలువ ముందు స్టెబిలైజర్ ధర ఎంత?

ప్రశ్న: కుక్క కరిస్తే పీహెచ్‌సీకి పోయినం. రేపు ఇంకొందరు వస్తే కలిపి వేస్తం, లేదంటే ఎంజీఎంకు పోండి అన్నరు. ఇది రూలేనా?
– రైతు, పర్వతగిరి మండలం

జవాబు: కాదు. మొదటి డోసు ఆపకూడదు. ఒక్కరే ఉన్నా సీసా తెరవాలి.

వాళ్లలా ఎందుకన్నారో కూడా చెబుతాం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో టీకా చర్మం పొరలోకి ఇస్తారు: రెండు చేతులకు 0.1 మిల్లీలీటరు చొప్పున, 0, 3, 7, 28 రోజుల్లో. మనిషికి మొత్తం 0.8 మిల్లీలీటర్లు. కండకు ఇచ్చే పద్ధతిలో ఒక్కొక్కరికి అయిదు సీసాలు కావాలి. పదిమందికి ఒక మిల్లీలీటరు సీసాలు పొదుపుగా వాడితే ఎనిమిది చాలు, కండకైతే యాభై. ఇంత ఆదా ఉంది కాబట్టే ఈ పద్ధతి పెట్టారు. కానీ కలిపిన సీసా 6 నుంచి 8 గంటల్లో వాడేయాలి. ఒక్కరికే తెరిస్తే మిగతాది పారబోయాలి, అప్పుడు నెలాఖరుకు స్టాకు చాలదు. పరిష్కారం రోగిని తిప్పి పంపడం కాదు, ఇండెంటులో (మందులు కావాలని పైకి రాసే కాగితంలో) వృథాను కలిపి రాయడం. నెలకు వచ్చే కొత్త కేసులను 0.8తో హెచ్చించి, దాని మీద వృథా కలిపి అడగాలి.

రక్తం వచ్చేలా కరిస్తే టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల మందు) ఎక్కించాలి. గుర్రం సీరంతో చేసిందైతే కిలోకు 40 యూనిట్లు. 50 కిలోల మనిషికి 2,000. ఇది చిన్న ఆసుపత్రుల్లో ఉండకపోవచ్చు కనుక దీని కోసం పెద్దాసుపత్రికి పంపడం సబబే, మొదటి టీకా వేసిన తర్వాత. వీటన్నింటికంటే ముందు పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. సున్నం, కారం, పసుపు పూయొద్దు. కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం స్థానిక సంస్థల పని. ఆరోగ్య శాఖ సీసాలెన్ని కొన్నా అక్కడ పని జరగకపోతే బిల్లు పెరుగుతూనే ఉంటుంది.

ప్రశ్న: జిల్లాకు అదనంగా ఒక కోటి రూపాయలు వస్తే మీరైతే దేనికి పెడతారు?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: భవనానికి మాత్రం పెట్టం. శంకుస్థాపన ఫొటో బాగుంటుంది కానీ, ఉన్న భవనాల్లోనే మనుషులు, మాత్రలు చాలడం లేదు.

మొదట బీపీ, షుగర్ మాత్రల నిల్వ. దేశంలో రక్తపోటు నియంత్రణ కార్యక్రమం 2017లో మొదలైన తొలి రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. పద్ధతి సులువే: నెలకు సరిపడా మాత్రలు ఒకేసారి ఇవ్వాలి. ఒక పీహెచ్‌సీలో 800 మంది రోజుకో ఆమ్లోడిపిన్ (బీపీ మాత్ర) వాడుతుంటే నెలకు 24,000 మాత్రలు, మూడు నెలల నిల్వ అంటే 72,000. స్టాకు తగ్గగానే ఏం జరుగుతుందంటే, అందరికీ రావాలని పది రోజులకే ఇస్తారు. కూలికి పోయే మనిషి నెలకు మూడుసార్లు పని మానుకుని రాలేడు, మానేస్తాడు. రెండేళ్ల తర్వాత పక్షవాతంతో ఎంజీఎం మెట్లెక్కుతాడు. అప్పుడు అయ్యే ఖర్చు చాలా ఎక్కువ, అదీ ప్రభుత్వమే భరించాలి. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితిని రూ. 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచడం మంచిదే. మాత్రల వరుస తెగకుండా చూడటం అంతకంటే చవక.

రెండోది మనుషులు. ఏఎన్‌ఎంల (సబ్ సెంటర్ మహిళా ఆరోగ్య కార్యకర్తల) జీతానికి కేంద్రం నుంచి ఆసరా ఉంది, పురుష ఆరోగ్య కార్యకర్త జీతం రాష్ట్రానిదే. అందుకే ఖాళీలు అటువైపు ఎక్కువగా పేరుకుంటాయి. జ్వరాల సర్వే, లార్వా తనిఖీ, నీటి నమూనాలు అతని పనులు. అవన్నీ ఇప్పుడు ఏఎన్‌ఎం, ఆశాల నెత్తిన పడ్డాయి. తర్వాత ల్యాబ్ టెక్నీషియన్లు, రీఏజెంట్లు. అంతటితో కోటి అయిపోతుంది లెండి.

ప్రశ్న: వానలు పడితే మా గూడేలకు దారి తెగుతుంది. ఏ మందులు, ఎప్పటికల్లా తెప్పించుకోవాలి?
– ఆశా కార్యకర్త, తాడ్వాయి మండలం

జవాబు: మే నెలాఖరుకల్లా మూడు నెలల స్టాకు మీ చేతిలో ఉండాలి. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 650 మిల్లీమీటర్ల వాన పడింది. అటువంటి రోజు వచ్చాక ఇండెంటు రాసి లాభం లేదు. మలేరియా రాపిడ్ కిట్లు, వయసును బట్టి రంగు మారే ఏసీటీ మలేరియా మాత్రల పట్టీలు, క్లోరోక్విన్, ప్రైమాక్విన్, ఓఆర్‌ఎస్, జింకు, పారాసిటమాల్, క్లోరిన్ బిళ్లలు రాయండి. పాముకాటు మందు గూడెంలో ఉంచేది కాదు. మీకు చేరువలో ఏ ఆసుపత్రిలో కనీసం 10 సీసాలున్నాయో, అక్కడికి ఏ దారి మునగదో ముందే తెలుసుకోండి. జులై నుంచి సెప్టెంబరు లోపు కాన్పు కావాల్సిన గర్భిణుల పట్టీ జూన్‌లోనే మెడికల్ ఆఫీసర్‌కు ఇవ్వండి, వారం ముందే ఆసుపత్రి దగ్గరికి చేర్చవచ్చు.

వైవాక్స్ అనే రకం మలేరియాకు ప్రైమాక్విన్ 14 రోజులు. మూడో రోజుకే జ్వరం తగ్గి మానేస్తారు, రెండు నెలలకు మళ్లీ వస్తుంది. అందుకని మాత్రలన్నీ ఒకేసారి చేతికివ్వకుండా వీలైనన్ని రోజులు ఎదుట మింగించండి. గర్భిణులకు, ఏడాదిలోపు పిల్లలకు ప్రైమాక్విన్ ఇవ్వకూడదు.

గోడలకు మందు చల్లే సంగతి కూడా. చల్లిన తర్వాత రెండున్నర నెలలు గోడ అలకకూడదు, సున్నం వేయకూడదు. పండుగకు అలికారంటే మందంతా మట్టి కింద పడుతుంది, దోమ శుభ్రంగా పైన వాలుతుంది. గూడెం పెద్దతో మాట్లాడి అలుకు అయిన తర్వాతి వారంలో స్ప్రే తేదీ పెట్టించండి. ఈ తేదీ మార్పుకు పైసా ఖర్చు లేదు.

ప్రశ్న: మేడారం జాతరప్పుడు మా సిబ్బందినంతా అక్కడికి పంపుతారు. పిల్లల టీకాలు ఆగిపోతున్నాయి.
– గోవిందరావుపేట

జవాబు: రెండేళ్లకోసారి అంత జనం చేరే చోట వైద్య శిబిరాలు, నీటి క్లోరినేషన్ తప్పవు. నిధులు విడిగా ఇస్తారు, మనుషులను మాత్రం చుట్టుపక్కల పీహెచ్‌సీల నుంచే తీస్తారు. జాతర తేదీ చాలా ముందే తెలుస్తుంది కాబట్టి ఆ వారాల బుధ, శనివారాల టీకాలను ముందువారానికి జరపవచ్చు, డోసుల మధ్య 4 వారాల ఎడం మాత్రం తగ్గకూడదు. తగ్గేట్లుంటే జాతర ముగిసిన వారంలో అదనపు రోజు పెట్టమని మెడికల్ ఆఫీసర్‌ను అడగండి.

ప్రశ్న: పీహెచ్‌సీ ఖర్చుల లెక్కలు మామూలు జనం చూడొచ్చా?
– పరకాల పాఠకుడు

జవాబు: చూడొచ్చు. జాతీయ ఆరోగ్య మిషన్ నుంచి పీహెచ్‌సీకి ఏడాదికి రూ. 1.75 లక్షల వరకు స్వేచ్ఛా నిధి లెక్క ఉంది. దాన్ని ఆసుపత్రి అభివృద్ధి సంఘం తీర్మానంతో చిన్న మరమ్మతులకు, శుభ్రతకు, అత్యవసర సామగ్రికి వాడాలి. సన్మానాలకు, రెగ్యులర్ జీతాలకు వాడకూడదు. సమాచార హక్కు కింద అడిగితే 30 రోజుల్లో ఇవ్వాలి. "ఖర్చుల వివరాలు" అని అడిగితే ఒక్క అంకె రాసి పంపుతారు. సంఘం సమావేశాల మినిట్స్ నకలు, ఓచర్లు, మందుల స్టాకు రిజిస్టర్‌లో జూన్ నుంచి అక్టోబరు వరకు పేజీలు, డబ్బు ఖాతాలో పడిన తేదీలు అని విడివిడిగా రాయండి. తేదీలు తప్పకుండా అడగండి. ఖర్చు ఎందుకు ఆలస్యమైందో, తప్పు ఊళ్లో ఉందో పైన ఉందో వాటిలోనే తెలుస్తుంది.